మైత్రీ భావన

మనసులో పేరుకున్న పగను కరిగించుకుంటూ సకల ప్రాణుల మేలు కోరే బౌద్ధ ధ్యాన సాధన. పాళీలో మెత్తా భావన అంటారు. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాల్లో ఇది మొదటిది. సుత్తనిపాతంలోని మెత్త సుత్తం దీనికి ముఖ్యమైన ఆధారం. సాధన క్రమాన్ని విడమరిచి చెప్పింది మాత్రం క్రీ.శ. 5వ శతాబ్దంలో సింహళంలోని అనురాధపురంలో ఉండి బుద్ధఘోషుడు రాసిన విసుద్ధిమగ్గం, 9వ అధ్యాయం.

సాధకుడు ముందు తన మేలే కోరుకోవాలి. తనకు సుఖం ఎంత ఇష్టమో గమనించినవాడికే ఎదుటివాడి సుఖం విలువ తెలుస్తుంది. తర్వాత గురువు, ఆపైన ప్రాణమిత్రుడు, ముఖపరిచయం మాత్రమే ఉన్నవాడు, చిట్టచివర శత్రువు. శత్రువుతో మొదలుపెట్టవద్దని గ్రంథం ముందే హెచ్చరిస్తుంది.

తీరా శత్రువు దగ్గరికి వచ్చేసరికి పాత గాయం సలుపుతుంది. ఆ సంగతి బుద్ధఘోషుడికి బాగా తెలుసు. అందుకే ఒక మందు పనిచేయకపోతే ఇంకొకటి చెబుతూ పోతాడు. మళ్లీ వెనక్కి వెళ్లి మిత్రుడిపై మైత్రిని నింపుకొని రావాలి. శత్రువులో ఒక్క మంచి గుణమైనా వెతకాలి. నిప్పుకణిక విసరబోతే ముందు కాలేది మన చెయ్యే. లెక్కలేనన్ని జన్మల్లో ఎప్పుడో ఒకప్పుడు మనకు తల్లి కాని ప్రాణి దొరకడం కష్టం. అయినా కోపం పోలేదా? ఆ కోపం అతని వెంట్రుకల మీదా, గోళ్ల మీదా అని విడదీసి చూసుకోవాలి.

చివరి మందు ఇచ్చిపుచ్చుకోవడం. చిత్తలపబ్బత విహారంలో ఒక పెద్ద భిక్షువు మరో భిక్షువును మూడుసార్లు బసలోంచి లేపి పంపేశాడట. అలా బస వదలాల్సి వచ్చినవాడే తన భిక్షాపాత్ర తెచ్చి పెద్దాయనకు ఇచ్చాడు. దాని విలువ ఎనిమిది కహాపణాలు (నాటి నాణేలు). ఉపాసకురాలైన తన తల్లి ఇచ్చిందనీ, ఆమెకు పుణ్యం దక్కేలా తీసుకొమ్మనీ కోరాడు. మనసు మాట విననప్పుడు చేతితో మొదలుపెట్టమనే ఈ సలహా ఆ అధ్యాయానికే తలమానికం.

మైత్రికి దూరపు శత్రువు ద్వేషం, దగ్గరి శత్రువు రాగం. మమకారం ప్రేమ వేషంలో వస్తుంది కాబట్టి దాన్ని పోల్చుకోవడమే ఎక్కువ కష్టం.

నేడు ధ్యాన గురువు ఎస్. ఎన్. గోయెంకా నేర్పిన విపశ్యన ధ్యాన పద్ధతిలో 10 రోజుల శిబిరం చివరికి వచ్చాక మైత్రీ భావన నేర్పుతారు. హైదరాబాదులోని ధమ్మఖేత్త, నాగార్జునసాగర్‌లోని ధమ్మ నాగజ్జున ఈ శిబిరాలు జరిగే కేంద్రాలు. పదో రోజు ఈ సాధన నేర్చుకున్న తర్వాతే సాధకులు అప్పటిదాకా పాటించిన మౌనం విడిచి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.