జాజ్ పురస్కారాలు – మాండలిన్ సోదరులు

అమెరికా రికార్డింగ్ అకాడమీ ఇచ్చే గ్రామీల్లో జాజ్‌కు 1959 నాటి తొలి వేడుక నుంచే చోటుంది. ఎల్లా ఫిట్జెరాల్డ్, కౌంట్ బేసీ ఆ తొలి విజేతల్లో ఉన్నారు. తెలుగువారికి ముఖ్యమైనది 2009 వేడుక. సమకాలీన జాజ్ ఆల్బమ్ విభాగంలో నామినేషన్ పొందిన ‘మైల్స్ ఫ్రమ్ ఇండియా’లో ఉప్పలపు శ్రీనివాస్, గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ ‘ఫ్లోటింగ్ పాయింట్’లో తమ్ముడు రాజేశ్ మాండలిన్ వాయించారు. ఒకే బహుమతికి అన్నదమ్ముల వాద్యం రెండు వైపుల నుంచీ పోటీపడిందన్నమాట! బహుమతి మాత్రం ర్యాండీ బ్రెకర్ ‘ర్యాండీ ఇన్ బ్రసిల్’కు దక్కింది. నామినేషన్లు ఆల్బమ్‌లకే గాని సోదరుల పేరిట కావు; అయినా ఆ గౌరవంలో వారి వాటా చిన్నది కాదు.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. జంట తీగల మాండలిన్‌ను అయిదు ఒంటి తీగల విద్యుత్ వాద్యంగా మార్చి, కర్ణాటక సంగీత గమకాలను నిండుగా పలికించారు. జాజ్ కళాకారులను కట్టిపడేసింది ఆ గమకమే. 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ చేశారు. తర్వాత మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది.

2014 సెప్టెంబర్ 19న ఆయన మరణించారు. 2024లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల శక్తి బృందం ‘దిస్ మొమెంట్’కు గ్రామీ గెలిచింది, అయితే జాజ్‌లో కాదు, గ్లోబల్ మ్యూజిక్ విభాగంలో.