282 మార్కుల లెక్క

1907లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివి అంబేద్కర్ మెట్రిక్ పాసయ్యారు. 750కి 282 మార్కులు. 282ని వందతో హెచ్చించి 750తో భాగిస్తే 37.6 శాతం. 2010 నుంచి 2017 దాకా సిబిఎస్ఇ పదో తరగతిలో సబ్జెక్టువారీ గ్రేడ్లిచ్చింది. 33-40 మార్కులకి 'డి'. పాసులో ఆఖరి అక్షరం. ఆ కొలతతో చూస్తే ఈ శాతమూ 'డి'యే.

సంస్కృతం చదువుతానంటే అంటరానివాడని కాదన్నారు, పర్షియన్ తీసుకోవాల్సొచ్చింది. చిన్నప్పటి బడిలో నీళ్లకుండ ముట్టనివ్వలేదు. మార్కుల జాబితాలో వీటికి గడి ఏదీ? మన జనం మాత్రం ఆ పాసుకే సభపెట్టి సన్మానించారు. దూరం వాళ్లకి తెలుసు. ఆయనే 1923లో లండన్ డి.ఎస్సీ., 1927లో కొలంబియా పిహెచ్.డి. పొందారు.

'మెరిట్' అంటూ మన పిల్లల గ్రేడు చూపించేవాళ్లని అడుగుదాం: బయల్దేరిన చోటుని ఏ అక్షరంతో కొలుస్తారు?