ఆరు చుక్కలు, ఎనిమిది బిట్లు

ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన షార్ల్ బార్బియే 12 చుక్కల గడితో ఒక ఉబ్బెత్తు రాత తయారుచేశాడు. వేలికొస కింద ఒక్కసారిగా ఇమిడే గడి కాదది. పారిస్ అంధ పాఠశాలలో చదువుతున్న లూయీ బ్రెయిలీ 1824లో, పదిహేనేళ్ల వయసులో, దాన్ని ఆరు చుక్కలకు కుదించాడు, 1829లో అచ్చువేయించాడు. ఎడమ వరుసలో పైనుంచి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. ఖాళీ గడితో కలిపి 64 రూపాలు. కంప్యూటర్లకు శతాబ్దం ముందే ఆరు బిట్ల సంకేతం కనిపెట్టాడని ఇప్పుడు మురిసిపోతాం గానీ, ఆ కుర్రవాడికి కావలసింది చదువుకోవడానికి ఓ పుస్తకం.

గడి సులువుగానే దేశాలు దాటింది. తగాదా అంతా ఏ గడి ఏ అక్షరమన్న దగ్గరే. అమెరికాలో పోటీ పద్ధతులు ఎంతగా కొట్టుకున్నాయంటే దానికి చుక్కల యుద్ధమనే పేరు పడింది. 1932లో గానీ అమెరికా, బ్రిటన్ ఇంగ్లీషు బ్రెయిలీపై ఒక మాటకు రాలేదు. జపాన్ 1890లోనే తన అక్షరాలకు చుక్కలు అమర్చుకుంది. మన దేశంలో ఒకటికి నాలుగు పద్ధతులు నడిచాయి. 1949లో భారత ప్రభుత్వం యునెస్కోను ఆశ్రయించింది, 1951లో భారతి బ్రెయిలీ ఖాయమైంది. అప్పటినుంచి తెలుగు క, హిందీ క, తమిళ క అన్నీ 1, 3 చుక్కలే. ఇంగ్లీషు కె కూడా అదే.

కంప్యూటర్లు వచ్చాక అమెరికాలో ఒక చవక ఉపాయం పన్నారు. కంప్యూటర్లు ఇంగ్లీషు అక్షరాలకూ అంకెలకూ వాడే ఆస్కీ సంకేతంలోని 64 గుర్తులను 64 గడులకు మారుపేర్లుగా వాడుకున్నారు. చుక్కలు అచ్చువేసే యంత్రమైన ఎంబాసర్‌కు ఆ గుర్తు పంపితే కాగితం మీద చుక్కలు లేస్తాయి. ఇంగ్లీషు అక్షరాల వరకు బాగానే ఉంది. అలాంటి ఫైలులో మన ‘తెలుగు’ తెరమీద ఎలా ఉంటుందో చూడండి: టి, అంకె 5, ఎల్, యు, జి, యు. హ్రస్వ ఎకారానికి 2, 6 చుక్కలు. ఆ గడికి అమెరికా వాళ్లిచ్చిన మారుపేరు 5. చూపున్న ప్రూఫ్ రీడర్‌కు ఇది పిచ్చిరాత. అయినా ఈ ఫైళ్లు ఇప్పటికీ బ్రెయిలీ ప్రెస్సుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

పిన్నులు లేచి దిగే డిస్‌ప్లేలు గడికి అడుగున 7, 8 చుక్కలు చేర్చాయి. 256 రూపాలు, సరిగ్గా ఒక బైటు. అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్, 1999లో వచ్చిన 3.0 కూర్పులో, ఆ 256కీ చోటిచ్చింది. మొదటి చుక్క విలువ 1, రెండోది 2, మూడోది 4, అలా రెట్టింపవుతూ ఎనిమిదోది 128. లేచిన చుక్కల విలువలు కూడి, హెక్సాడెసిమల్ 2800కు కలిపితే ఆ గడి సంఖ్య. పాత ఆరు చుక్కల రూపాలు 64 మొదట్లోనే వరసగా కుదిరాయి. 1, 2 చుక్కల గడి 2803. అది ఇంగ్లీషులో బి, తెలుగులో బ, జపనీస్‌లో ఇ. యూనికోడ్ ఈ అర్థాల జోలికే పోలేదు. చుక్కల ఆకారానికి సంఖ్య ఇచ్చి, అర్థం భాషలకు వదిలేసింది. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో తెలివైన నిర్ణయం అదే. వందేళ్ల తగాదాను ప్రమాణంలోకి లాక్కోలేదు.

భారం మాత్రం ఏ అక్షరానికి ఏ గడో చెప్పే అనువాద పట్టికల మీద పడింది. ‘అమ్మ’నే తీసుకోండి. యూనికోడ్ తెలుగులో అ, మ, పొల్లు, మ. భారతి బ్రెయిలీలో పొల్లుకు గుర్తయిన నాలుగో చుక్క మొదటి మకారానికి ముందే వస్తుంది. కాబట్టి గుర్తుకు గుర్తు మారిస్తే చాలదు, వరసే తిప్పాలి. 2002లో మొదలైన లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి పట్టికలతోనే నడుస్తుంది. ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్లు (తెరమీది రాతను మాటగానో చుక్కలుగానో అందించేవి) దాని మీదే ఆధారపడ్డాయి. మామూలు ఫైలులో మామూలు తెలుగే ఉంటుంది, చుక్కలు వేలికిందికి వచ్చేటప్పుడే పుడతాయి. యూనికోడ్ చుక్కలను నేరుగా వాడి సందడి చేస్తున్నది ఎక్కువగా చూపున్నవాళ్లే, చాట్‌లలో బొమ్మలు గీస్తూ. స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకు ఆ బొమ్మ వట్టి రొద.

చుక్కల నుంచి అక్షరాలకు వచ్చే తిరుగు దారి ఇంకా కష్టం. 1, 3, 4, 6 చుక్కల గడి ఇంగ్లీషులో ఎక్స్, తెలుగులో ఒ. రెండు భాషలూ కలిసిన పుస్తకంలో ఏది ఏదో చుక్కలు చెప్పవు, పాత ఫైలుకు చెప్పే చోటూ లేదు. చూపులేనివాళ్లు చదవగల పుస్తకాలకు ప్రమాణాలు రూపొందించే డైసీ కన్సార్షియం తెచ్చిన ఈబ్రెయిల్ ఫార్మాట్ యూనికోడ్ చుక్కలనే ఉంచి, వాటిచుట్టూ హెచ్‌టీఎంఎల్ కడుతోంది: ఇది శీర్షిక, ఇది పేరా, ఇది ఫలానా భాష అని.