'ట్రినిటీ' – ఆడినవారి తగవు

నవల ముగింపు నచ్చకపోతే పాఠకుడు రచయితను తిడతాడు. అది పాత సంగతే. కాని "నా చేత ఇంత పని ఎందుకు చేయించావు?" అని రచయితను నిలదీసే అవకాశం నవలా పాఠకునికి లేదు. నాయకుడు హత్య చేస్తే పాఠకుడు చూశాడు, అంతే. ఆ నెత్తురు అతని చేతికి అంటదు. ఈ సౌకర్యాన్ని పాఠకుని నుంచి లాగేసుకున్న సాహిత్యప్రక్రియ ఒకటి సుమారు యాభయ్యేళ్ళ క్రితం అమెరికాలో పుట్టింది. దానిలో కథంతా కంప్యూటరు తెరపై అక్షరాలలోనే నడుస్తుంది. ఒక చోటును వర్ణించి రచన ఆగిపోతుంది. తలుపు తెరువు, గొడుగు తీసుకో, తూర్పుకు నడు అంటూ తరువాతి పని ఏమిటో పాఠకుడు టైపు చేయాలి. అతడు చెప్పనంతవరకూ ఆ లోకంలో ఆకు కూడా కదలదు. మన పల్లెల్లో వినేవాడు ఊకొట్టకపోతే కథ చెప్పేవాడు ఆగిపోతాడు గదా, ఇక్కడ ఊకొడితే చాలదు, కథలోకి దిగి నడవాలి.

కనుక 'కాలాన్ని ఆపడం' అనేది ఈ ప్రక్రియకు బయటి నుంచి తెచ్చిపెట్టిన ఇతివృత్తమేమీ కాదు, దాని పుట్టుకలోనే వుంది. ఐతే దీన్ని రచయితలు గుర్తించడానికి పదేళ్ళు పట్టింది. 1976 ప్రాంతంలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామరు కెంటకీలోని మామత్ గుహలలో తాను తిరిగిన అనుభవాన్ని ఆధారం చేసుకొని 'అడ్వెంచర్' రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. అదే సంవత్సరం మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో నలుగురు కలిసి 'జోర్క్' మొదలుపెట్టారు. అక్కడివారే 1979లో ఇన్ఫోకామ్ అనే సంస్థ పెట్టి వీటిని అమ్మసాగారు. తొలి రచనలన్నీ నిధుల వేటలే. వాటిలో కాలమంటే దీపంలో చమురు లాంటిది, అయిపోతుంది, అంతకుమించి అర్థం లేదు. 1982లో వచ్చిన 'డెడ్‌లైన్' ఒక హత్యాపరిశోధన. దానిలో గడియారం నడుస్తుంది, ఇంట్లోవాళ్ళు పరిశోధకుని కోసం ఆగకుండా తమ పనులు తాము చేసుకుపోతారు. 1985లో వచ్చిన 'స్పెల్‌బ్రేకర్'లో కాలాన్ని నిలిపేసే మంత్రమే వుంది. కొండచరియ విరిగి మీదపడుతున్నప్పుడు ఆ మంత్రం చదివితే బండలు గాలిలో నిలుస్తాయి, వాటినే మెట్లుగా చేసుకొని పైకెక్కవచ్చు. చమత్కారం గొప్పదే. కాని బండలు ఎందుకు పడుతున్నాయన్న ప్రశ్న అక్కడ లేదు.

ఆ ప్రశ్న వేసింది 1986లో బ్రయన్ మొరియార్టీ రాసిన 'ట్రినిటీ'. నేను చెప్పదలచుకున్నది దీన్ని గూర్చి, దీన్ని ఆడినవారి మధ్య నేటికీ తెగని తగవును గూర్చి.

కథ లండన్ నగరంలో కెన్సింగ్టన్ ఉద్యానంలో మొదలవుతుంది. ఆటగాడు సెలవులకు వచ్చిన ఒక మామూలు అమెరికన్. పిల్లలను తోపుడుబండ్లలో తిప్పే ఆయాలు, పావురాలు, నీడ గడియారం, చెట్టుకు చిక్కుకున్న గొడుగు, ఆ గొడుగు పోగొట్టుకొని నిలబడిన ఒక జపాను వృద్ధురాలు, ఆమె ముఖం మీద కాలిన మచ్చలు. అంతలో సైరన్లు మోగుతాయి. మూడో ప్రపంచయుద్ధపు మొదటి క్షిపణి లండన్ మీదికి దిగుతున్నది. ఆ క్షణంలో కాలగమనం మందగిస్తుంది, నీటిమీద ఒక తెల్లని తలుపు తెరుచుకుంటుంది. ఆటగాడు అందులోంచి మరో లోకంలోకి పోతాడు. అక్కడ నేలంతా ఒక పెద్ద నీడ గడియారం, దాని చుట్టూ మహావృక్షాలంతటి పుట్టగొడుగులు. ఒక్కొక్క పుట్టగొడుగు చరిత్రలో జరిగిన, లేదా జరగబోయే, ఒక అణుబాంబు పేలుడు. ముల్లు నీడ దేనిమీద పడితే దాని తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపుల గుండా పోతే సైబీరియా, పసిఫిక్ దీవి, నాగసాకి, చివరకు 1945 జూలై 16 తెల్లవారుజామున న్యూ మెక్సికో ఎడారిలో మొట్టమొదటి బాంబును నిలిపిన వంద అడుగుల బురుజు. ఆ పరీక్షకు పెట్టిన సంకేతనామమే 'ట్రినిటీ'.

మన ఇళ్ళలో పిల్లలకు చెప్పే ఏడు చేపల కథ ఇలాగే నడుస్తుంది. ఎండని చేప దగ్గర మొదలై ఎందుకు, ఎందుకు అని అడుగుతూ పోయి చీమ దగ్గర తేలుతుంది. మొరియార్టీ చేపను కెన్సింగ్టన్‌లో పెట్టి చీమను న్యూ మెక్సికోలో వెతికాడు.

ఈ రచన వచ్చిన సమయాన్ని మరచిపోతే ఆటగాళ్ళ కోపం మనకు అర్థం కాదు. షికాగోలోని అణుశాస్త్రవేత్తల పత్రిక 1947లో మొదలుపెట్టిన 'ప్రళయ గడియారం' ముల్లు 1984లో అర్ధరాత్రికి మూడు నిమిషాల దూరంలో వుంది. దానికి రెండేళ్ళ ముందు, 1982 జూన్ 12న, న్యూయార్కు సెంట్రల్ పార్కులో సుమారు పదిలక్షలమంది చేరి అణ్వస్త్రాల తయారీని ఎక్కడిదక్కడ నిలిపివేయమని కోరారు. ఆ వుద్యమం పేరే 'ఫ్రీజ్', అంటే గడ్డకట్టించి ఆపడం. 'ట్రినిటీ' మొదటి పాఠకులు ఈ వాతావరణంలో వున్నవారు. ఆపగలమా అన్నది వాళ్ళకు కథలో ప్రశ్న కాదు, బతుకులో ప్రశ్న.

ఇక అభిప్రాయాలు. వెలువడిన నాటి పత్రికలు మొదలుకొని, 1990ల నుంచి ఈ ప్రక్రియ అభిమానులు రాసుకొన్న విమర్శల దాకా చూస్తే మూడు విషయాల దగ్గర మాటలు మళ్ళీ మళ్ళీ చేరుతాయి.

మొదటిది చిక్కుముళ్ళను గూర్చి. ఒక వస్తువును మొదట తీసుకోకపోతే చాలా దూరం పోయాక దారి మూసుకుపోతుంది, ఆ సంగతి ఆటగాడికి ఎవరూ చెప్పరు. ఈ జాతి రచనలన్నిటిపైనా వున్న ఫిర్యాదే ఇది. ఇంగ్లండులో గణితజ్ఞుడైన గ్రాహం నెల్సన్ 1990లలో ఏకంగా ఆటగాడి హక్కుల పట్టిక ఒకటి తయారుచేశాడు. హెచ్చరిక లేకుండా చంపరాదన్నది అందులో మొదటి హక్కు. పాఠకులు ఒక సాహిత్యప్రక్రియకు రాజ్యాంగం రాయబూనడం నేను మరెక్కడా చూడలేదు. ఇది హాస్యానికే రాసివుండవచ్చు, కాని దాని వెనుక వున్న భావం తీసిపారేయదగింది కాదు.

రెండోది నలికిరి సంగతి. ఆ మాయలోకంలో ఒక మంత్రపాకం వండవలసి వుంటుంది. దానికి కావలసిన దినుసుల్లో అప్పుడే చంపిన చిన్న నలికిరి ఒకటి. ఆటగాడు దాన్ని పట్టుకుంటాడు, జేబులో వేసుకొని తిరుగుతాడు, చివరకు చంపమని తన వేళ్ళతో తానే టైపు చేయాలి. రచయిత ఆ పనిని తేలికగా జరగనివ్వడు. నిజానికి ఈ రచనను గూర్చి రాసినవారు లక్షలమందిని చంపిన బాంబుల కంటే ఈ ఒక్క ప్రాణిని గూర్చే ఎక్కువ కలతపడ్డారు. కొందరికి ఇది అసహ్యం, అనవసర క్రౌర్యం. అంతమంది చావును తెరమీద చదివినవాడు నలికిరి దగ్గర కన్నీరు పెట్టడం కపటమని కూడా మనకు తోచవచ్చు.

నేను వొప్పుకోను. లక్షమంది చావు చదువుతున్నంతసేపూ అతడు పాఠకుడే. నలికిరి దగ్గర కర్త అయ్యాడు. మా విద్యార్థులకు వినిపిద్దామని ఒక సన్నివేశం తెలుగు చేయబోయి నేనే ఈ తేడాను మరో దారిన తెలుసుకున్నాను. ఇంగ్లీషులో 'యూ' అని సరిపెట్టిన చోట తెలుగులో 'నువ్వు' అనాలా, 'మీరు' అనాలా? 'మీరు చంపారు' అంటే ఎవరో దూరపు పెద్దమనిషి చంపినట్టుంది. 'నువ్వు చంపావు' అన్నప్పుడు తరగతిలో ఒక అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. మొరియార్టీ రచనకంతకూ కీలకం ఇక్కడే వుందనుకుంటాను. బాంబు చేసినవారికి కూడా అది ఒక దినుసు, ఒక మెట్టు, తరువాతి పనికి కావలసిన పని. అవసరమన్న ఒక్క మాట ప్రాణిని ఎలా సామగ్రిగా మార్చివేస్తుందో నలికిరి చూపించినంతగా ఎడారిలోని బురుజు చూపించలేదు.

నాగసాకి సన్నివేశం దీనికి ఎదురుగా నిలుస్తుంది. ఆగస్టు 9 ఉదయం, బాంబు పడే ముందు, ఆటగాడు లండన్‌లో దొరికిన గొడుగును ఒక చిన్న పాప చేతికిస్తాడు. అతడు పాపను కాపాడలేడు. కాని లండన్‌లో కాలిన మచ్చలతో కనిపించిన వృద్ధురాలు ఎవరో అప్పుడు తెలుస్తుంది. దీన్ని మెచ్చనివారు దాదాపు లేరు.

మూడో తగవు ముగింపుది, అసలు తగవు అదే. ఆటగాడు బురుజు ఎక్కి బాంబు పెట్టెలోని ఒక తీగను కోస్తాడు. ఇక చరిత్ర మారిపోవాలి గదా! మారదు. అతడు జోక్యం చేసుకోకపోతే ఆ పేలుడు న్యూ మెక్సికో రాష్ట్రాన్నే మింగివుండేదనీ, అతని వల్ల మనకు తెలిసినంత పేలుడుతో ఆగిందనీ తేలుతుంది. అంటే హిరోషిమా, నాగసాకి, చివరకు కెన్సింగ్టన్ మీద దిగుతున్న క్షిపణి, అన్నీ యథాతథం. ఆటగాడు మళ్ళీ ఉద్యానం గుమ్మం దగ్గర నిలబడతాడు. ఇంత కష్టపడింది ఇందుకా అని చాలామంది మండిపడ్డారు. మరికొందరు ఇదే నిజాయితీ అన్నారు: జరిగిన చరిత్రను ఆటలో గెలిచి చెరపగలమని చెప్పడం కంటే మోసం ఏముంది? పన్నెండేళ్ళ తరువాత, 1998లో, ఆడమ్ కాద్రే 'ఫొటోపియా'లోనూ ఆటగాడు కథలోని బాలికను ఎంత ప్రయత్నించినా రక్షించలేడు. అప్పుడూ ఇదే వాదన లేచింది, ఇది అసలు ఆటేనా అని.

రెండు పక్షాలూ 'ఆపగలమా, ఆపలేమా' అన్న దగ్గరే వాదించాయి. నాకు తోచే లోపం వేరు. రచయిత కల్పించిన ఆ భయానికి చరిత్రలో ఆధారం వుంది. పరీక్షకు ముందు ఎన్రికో ఫెర్మీ, వాతావరణం అంటుకుంటుందా, అంటుకుంటే న్యూ మెక్సికో ఒక్కటే పోతుందా, లోకమంతా పోతుందా అని తోటివారితో పందాలకు దిగాడు. దీన్ని ఇంత శ్రద్ధగా పట్టుకున్న రచయిత, ఆ తెల్లవారుజామును తొందరపెట్టిందెవరో మాత్రం చూపలేదు. జూలై 17న పాట్స్‌డామ్‌లో సమావేశం మొదలుకావలసి వుంది. అప్పటికి ఫలితం ట్రూమన్ చేతిలో వుండాలి. వాన వల్ల 4 గంటల పరీక్ష ఆగింది గాని రోజు మారలేదు, 5 గంటల 29 నిమిషాలకు పేల్చారు. ఆ కాలాన్ని నడిపింది ఆ సమావేశపు తేదీ. దాన్ని ఆపడానికి కోయవలసిన తీగ బురుజు మీద ఎక్కడుంది?

పోనీ, ఆపబోయినవాళ్ళు నిజంగా లేరా? వున్నారు. జోసెఫ్ రాట్‌బ్లాట్ అనే భౌతికశాస్త్రవేత్త, జర్మనీ బాంబు చేయడం లేదని తెలిశాక, 1944 చివర లాస్ అలమోస్ వదిలి వెళ్ళిపోయాడు. లియో జిలార్డ్ జూలై 17 తేదీతో ఒక విజ్ఞాపన తయారుచేశాడు. లొంగిపోయే అవకాశమివ్వకుండా జపాను మీద బాంబు వేయరాదని దాని సారాంశం. డెబ్భైమంది సంతకాలు చేశారు. అది ట్రూమన్‌కు చేరనేలేదు. 'ట్రినిటీ'లో వీరెవరికీ చోటు లేదు. ఒంటరి యాత్రికుడూ, ఒక పెట్టే, ఒక తీగా మిగిలాయి. చరిత్రను చిక్కుముడిగా మార్చితే దాన్ని విప్పే చెయ్యి ఒక్కటే వుంటుంది, అది విప్పలేకపోతే విధి అనిపిస్తుంది. ఆటగాళ్ళ కోపానికి మూలం ఇది. ఓడిపోయినందుకు కాదు, పోరాడిన తోడు ఎవరూ కనిపించనందుకు. ఈ మాట వారిలో ఎవరూ ఇలా అనలేదు, ఇది నా వూహ.

పెట్టెతోపాటు కొన్నవారికి పరీక్షాస్థలం పటం, అట్టతో చేసిన నీడ గడియారం, కాగితపు కొంగను మడిచే విధానం, అణుబాంబు కథను పొగుడుతున్నట్టుగా నటించే ఒక బొమ్మల పుస్తకం ఇచ్చేవారు. ఆ బొమ్మల పుస్తకంలోని వ్యంగ్యం నవలలోని ముగింపు కంటే పదునుగా వుందని నా అభిప్రాయం.

మరొక్కటి. ఆటలోని ఎడారిలో పాములున్నాయి, పరుగెత్తే పక్షి వుంది, ప్లుటోనియం గుండెను కూర్చిన మెక్‌డొనాల్డ్ పశుపాలకుల ఇల్లు కూడా వుంది. ఆ బురుజు చుట్టుపక్కల పల్లెల్లో మనుషులుండేవారు, పరీక్ష సంగతి వాళ్ళకు ముందుగా చెప్పలేదు. పైనుంచి రాలిన బూడిద వాళ్ళ పొలాల మీదా తాగేనీటిలోనూ పడింది. అణుపరీక్షల బాధితులకు అమెరికా ప్రభుత్వం 1990లో పరిహారచట్టం చేసినప్పుడు న్యూ మెక్సికోలోని ఆ కుటుంబాలను అందులో చేర్చలేదు. 2025లో చేర్చింది. అప్పటికి పేలుడు జరిగి ఎనభై ఏళ్ళు.