పాటను బతికించిన శ్రోతలు: నల్లగొండ, పాలమూరు అనుభవం

జానపద సాహిత్యాన్ని గురించి మనం రాసుకున్న చరిత్రల్లో పాట కట్టినవాడున్నాడు, పాడినవాడున్నాడు, సేకరించిన పండితుడున్నాడు. విన్నవాడికి మాత్రం చోటు తక్కువ. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపదగేయ సాహిత్యము' 1958లో వెలువడింది. అప్పటినుంచి ఇప్పటిదాకా పాటల వర్గీకరణ, ఛందస్సు, వస్తువు మొదలైన విషయాల మీద విలువైన కృషి జరిగింది. కాని ఒక పాటను యాభై అరవై ఏళ్ళు గుండెలో మోసిన మామూలు శ్రోత ఎవరు, ఆ పాటనే ఎందుకు మోశాడు, దానివల్ల పాటకు ఏమైంది అన్న ప్రశ్నలను మనం గట్టిగా వేసుకోలేదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో ఇవాళ డెబ్బై, ఎనభై ఏళ్ళు దాటిన వాళ్ళకు పాతపాట మీద ఉన్న మమకారాన్ని ఈ దృష్టితో పరిశీలించాలి. అది ఒట్టి వృద్ధాప్యపు మోజు కాదు, దానికొక చరిత్ర ఉంది.

ముందుగా నల్లగొండ సంగతి చూద్దాం. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభ తరువాత సంఘం పల్లెల్లోకి పాకింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కడవెండి అప్పటికి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఆ నాటినుంచి 1951లో విరమించేదాకా సాగిన రైతాంగ పోరాటానికి అక్షరం కంటే పాటే ఎక్కువ అక్కరకు వచ్చింది. కారణం స్పష్టమే. వెట్టి చేసేవాడికి చదువు లేదు. చదువు వచ్చినవాడికైనా కాగితం ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదం. అందుచేత పాట దాచుకోవడానికి మనిషి జ్ఞాపకం తప్ప వేరే చోటు లేదు. అలా ప్రతి శ్రోతా ఆ పాటకు ఒక ప్రతి అయ్యాడు.

ఇది సాధ్యం కావడానికి వరుసలే ముఖ్యకారణం. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, బుర్రకథ వంటి రూపాలను ఉద్యమానికి వాడుకున్నాడు. స్త్రీలు ఉయ్యాల వరుసల్లో పోరాట గాథలు అల్లుకున్నారు. జనానికి బాణీ అప్పటికే నోటికి వచ్చు, కొత్తగా నేర్వవలసింది మాటలే. నాట్లు వేసే చోట, మోటకొట్టే చోట, బతుకమ్మ చుట్టూ తిరిగిన అడుగులోనే కొత్త మాట వచ్చి కూర్చుంది. ప్రాచీన రూపంలో నూతన వస్తువు అని మనం విమర్శలో తరచు అనే మాటను ఆ శ్రోతలు ఏ సిద్ధాంతమూ చదవకుండానే ఆచరించి చూపారు.

ఆనాటి పిల్లలే ఈనాటి ముసలివాళ్ళు. పశువుల కాడ జీతమున్న పిల్లవాడి దుఃఖాన్ని చెప్పే హనుమంతు పాట 'పల్లెటూరి పిల్లగాడ' వాళ్ళకు కళాఖండం కాదు, సొంత బాల్యం. ఆ పాట విన్నప్పుడు వాళ్ళు గతాన్ని తలచుకుని మురిసిపోరు. ఎవరి దొడ్లో ఎన్నేళ్ళు జీతమున్నారో, ఆ జీతం ఎన్ని కుంచాల గింజలో లెక్క చెబుతారు. పాటంటే ప్రేమ, ఆ పాటలోని బతుకంటే కసి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటాన్ని గుర్తించనివాడికి ఈ శ్రోత అర్థం కాడు.

1980లో విడుదలైన 'మాభూమి' ఈ చరిత్రలో ఒక మలుపు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ఆ చిత్రంలో 'పల్లెటూరి పిల్లగాడ' సంధ్య గొంతులో వినిపించింది. బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి' పాటతో గద్దర్ తెరమీద కనిపించాడు. పాతికేళ్ళకు పైగా పల్లె గొంతుల్లో మిగిలిన పాట ఒక్కసారిగా రాష్ట్రమంతటిదీ అయింది. హనుమంతు ఆ తరువాత రెండేళ్ళకు, 1982లో మరణించాడు. సినిమా చేసిన మేలు సామాన్యమైనది కాదు. అయితే దానితోపాటు ఒక నష్టమూ జరిగింది. అచ్చు, రికార్డు ఏ పాటనైనా ఒక పాఠం దగ్గర నిలిపేస్తాయి. 'బండెనక బండి'కి నోటి పాఠాలు ఒకటి కాదు. కొన్నింటిలో నిలదీత స్థానిక దొర మీద, మరికొన్నింటిలో నైజాం సర్కారు మీద. ఈ తేడా చిన్నది కాదు. మొదటిది గడీ ముందు నిలబడ్డ ఊరి కోపం, రెండవది ఆ గడీ వెనుక ఉన్న రాజ్యాన్ని పోల్చుకున్న చైతన్యం. ఒక పోరాటం ఎలా ఎదిగిందో ఈ పాఠాంతరాల మధ్య కనిపిస్తుంది. "అది అట్ల గాదు బిడ్డా, మా దిక్కు ఇట్ల పాడేది" అని ముసలమ్మ అడ్డుపడితే మనం చాదస్తమనుకుంటాం. నిజానికి ఆమె చరిత్రకారుడి పని చేస్తున్నది.

పాలమూరు దారి వేరు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల నేల అది. చెరువు ఎండితే ఊరు ఖాళీ అయ్యే మెట్టనేల. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, పాలమూరు కూలీలు ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో మట్టి మోశారు. ఇంటినుంచి వాళ్ళు వెంట తీసుకుపోగలిగింది పాట ఒక్కటే. ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచిన పండుగ సాయన్న కథ అక్కడి శ్రోతలకు ఎందుకంత ప్రీతిపాత్రమో ఈ వలస చెబుతుంది. చట్టం ఇవ్వని న్యాయం ఆ కథలో దొరుకుతుంది. గుడారాల మధ్య రాత్రి వినిపించే ఆ కథకు కిన్నెర తోడు. సొరబుర్రలు, వెదురు, తీగలు, మైనంతో అతికించిన మెట్లు: పేదవాడు పెరట్లో దొరికిన వస్తువులతో చేసుకున్న వాయిద్యమది. ఆ నేలనుంచే వచ్చిన గోరటి వెంకన్న పాటను ముసలివాళ్ళు వెంటనే తమదిగా ఒప్పుకున్నారు. అందులో తత్త్వాల, యక్షగానాల పాతవరుస వాళ్ళ చెవికి అందింది. 'పల్లె కన్నీరు పెడుతుందో' 2002లో సినిమాకెక్కింది.

ఇంతవరకు శ్రోతను మెచ్చుకున్నాం. అతని పరిమితిని కూడా చెప్పకపోతే విమర్శ కాదు. కిన్నెర దక్కలివాళ్ళ వాయిద్యం. మాదిగలకు జాంబపురాణం చెప్పి వాళ్ళ దగ్గర త్యాగం పుచ్చుకునే ఆశ్రిత కులం వాళ్ళది. ఊరు ఆ పాటను ప్రేమించింది, పాడినవాణ్ణి మాత్రం ఊరి బయటే నిలబెట్టింది. ఈ వైరుధ్యం మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 'కంట్రీ' సంగీతమని పేరుపడ్డ పల్లెపాటల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. 1927లో బ్రిస్టల్ పట్టణంలో కార్టర్ కుటుంబాన్ని, జిమ్మీ రోడ్జర్స్‌ను రికార్డు చేసిన కాలంనాటికే కంపెనీలు తెల్లవాళ్ళ పాటలను ఒక జాబితాలో, నల్లవాళ్ళ పాటలను మరో జాబితాలో పెట్టి అమ్మాయి. ఆ సంగీతానికి ప్రాణమైన బాంజో ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన వాయిద్యమన్న సంగతిని జీవితాంతం ఆ పాటలు ప్రేమించిన శ్రోతల్లో చాలామంది మరచిపోయారు. పాటపై ప్రేమ దానంతటదే పాడినవాడిపై గౌరవం కాదు.

మన ఎదుట ఉన్న నిదర్శనమూ ఇదే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఏడాదే ఒక సినిమాపాటలో ఆయన గొంతు లక్షలమంది విన్నారు. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివారులో కట్టడం పనికి కూలీగా పోతున్నాడని పత్రికలు రాశాయి. అదే ఏడాది నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ ప్రకటించారు. సత్కారాలు అవసరమే. కాని శాలువా కప్పిన చేతికి తంబూరా పట్టే శిష్యుడు దొరకకపోతే, విని తప్పు దిద్దే శ్రోత మిగలకపోతే, ఆ కళ బొమ్మగా మిగులుతుంది.

ఇక్కడే రచయితలకు, సాహిత్య విద్యార్థులకు ఒక బాధ్యత ఉంది. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు పోరాటపాటలను, వాయిద్యాలను సేకరించి దారి చూపారు. మిగిలిన పని వినేవాళ్ళ దగ్గర ఉంది. పల్లెకు పోయినప్పుడు పాట ఒక్కటే రాసుకుని రాకూడదు. ఎప్పుడు విన్నారు, ఏ పని చేస్తూ విన్నారు, ఎవరి నోట విన్నారు, ఏ మాట దగ్గర గొంతు ఆగిపోయింది, ఏ చరణం ఇక పాడొద్దనుకున్నారు, ఇవన్నీ రాసుకోవాలి. పాడినవాడి కులాన్ని, అతనికి ముట్టిన గింజలను కూడా రాసుకోవాలి. పోరాటాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఇక కొద్దిమందే ఉన్నారు. పాట రికార్డులో ఉంటుంది, పోదు. పోయేది, "అది అట్ల గాదు బిడ్డా" అనే ఆ గొంతు.