డాక్టరు సీటు, బ్యాంకు హామీ

ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌కు చెందిన ఒక విద్యార్థిని 1991లో మొదలు కావలసిన ఎంబీబీఎస్ తరగతి కోసం కర్ణాటకలోని తుమకూరు ప్రైవేటు వైద్య కళాశాలకు దరఖాస్తు చేసుకుంది. సీటు ఇస్తామన్నారు. మొదటి ఏడాదికి 60 వేల రూపాయలు కట్టి, మిగిలిన ఏళ్ల ఫీజుకు బ్యాంకు హామీ తెమ్మన్నారు. అంత సొమ్ము తమ శక్తికి మించినదని తండ్రి చెప్పడంతో ఆ ప్రవేశం అక్కడే ఆగిపోయింది. అదే రాష్ట్రంలో ప్రభుత్వ సీటు పొందినవారికి ఏడాదికి 2 వేలు, కర్ణాటకకు చెందిన ఇతరులకు 25 వేలు. ఇది మోహిని జైన్ కేసు.

1992 జూలై 30న సుప్రీంకోర్టు క్యాపిటేషన్ ఫీజు రాజ్యాంగ విరుద్ధమని, జీవించే హక్కులోనే విద్యాహక్కు ఇమిడి ఉందని తీర్పు చెప్పింది. అంత గొప్ప సూత్రాన్ని సాధించిన ఆ విద్యార్థినికి మాత్రం సీటు ఇప్పించలేదు. న్యాయచరిత్ర పుస్తకాలు ఈ ముక్కను తరచుగా దాటేస్తాయి.

క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. అయినా 1992లో ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టివేయడంతో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవలసి వచ్చింది. వైద్య సీటు ఒక ప్రభుత్వాధినేతనే దించగలదని ఢిల్లీకి అప్పుడే తెలిసింది.

మరుసటి ఏడాది ఉన్నికృష్ణన్ కేసులో, అదీ మన రాష్ట్రం ప్రతివాదిగా ఉన్నదే, సుప్రీంకోర్టు ఒక మధ్యేమార్గం వెతికింది. సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంట్. ఒకరి ఫీజు మరొకరి చదువును మోయాలన్నది లెక్క. ఆచరణలో అది తలకిందులైంది. మంచి బడి, కోచింగ్ అందిన సంపన్నుల పిల్లలే ర్యాంకులతో ఫ్రీ సీట్లు దక్కించుకున్నారు. పొలం అమ్మినవారి పిల్లలు పేమెంట్ సీట్లలో చేరారు. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకాన్ని పక్కన పెట్టింది. ఆ పాయ్ గారు 1953లోనే మణిపాల్‌లో కస్తూర్బా వైద్య కళాశాలను నెలకొల్పినవారు. లాభాపేక్ష కూడదు, సహేతుకమైన మిగులు ఉండవచ్చు అన్నది కోర్టు మాట. ‘సహేతుకం’ అన్న ఒక్క పదం మీద ఫీజుల కమిటీలు నేటికీ కుస్తీ పడుతున్నాయి.

బ్యాంకులు అప్పుదాతలుగా పెద్దయెత్తున ప్రవేశించింది కూడా ఆ కాలంలోనే. 2001 నాటి నమూనా విద్యారుణ పథకం తరువాతి సవరణల ప్రకారం 4 లక్షల దాకా హామీ అక్కర్లేకపోయేది. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలి. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లోనే బి కేటగిరీ సీటుకు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటుకు 20 లక్షలు నిర్ణయించారు. ప్రభుత్వం పేరున్న కళాశాలలో సైతం ఒక్క ఏడాది ఫీజే ఆ తాకట్టు హద్దును దాటిపోయింది. ఇల్లో పొలమో లేని కుటుంబానికి ఆ బ్యాంకు గడప ఎక్కడం కష్టమైంది.

చదువు ముగిసిన ఏడాదికి వాయిదాలు మొదలవుతాయన్నది సాధారణ నిబంధన. ఇంజనీరుకు అది సరిపోవచ్చు. వైద్యుడి జీవితం ఆ క్యాలెండరు ప్రకారం నడవదు. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, తరువాత పీజీ ప్రవేశ పరీక్షకు ఒకటి రెండేళ్ల సన్నాహం, ఆపైన మరో మూడేళ్లు. స్టైపెండు తప్ప ఆదాయం లేని ఆ దశలోనే వాయిదా తలుపు తడుతుంది. కనుక సీటు ఎంచుకునే కుటుంబం మొదటి ఏడాది ఫీజును కాక, హాస్టలూ వడ్డీ కలిపి పీజీ ముగిసేదాకా అయ్యే మొత్తాన్ని లెక్కించాలి. ప్రవేశాల కౌన్సెలింగ్‌లో ఆ లెక్క ఎవరూ చెప్పరు.

ఆ లెక్క వేసుకున్నవారే విమానం ఎక్కారు. 1960లో మాస్కోలో ఏర్పడిన ప్రజా మైత్రీ విశ్వవిద్యాలయం ఆసియా, ఆఫ్రికా విద్యార్థులకు ఉపకార వేతనాలిచ్చి చదివించింది. సోవియట్ యూనియన్ కూలాక అవే దేశాలు ఫీజు పుచ్చుకుని సీట్లు ఇచ్చాయి. ఇక్కడి ప్రైవేటు ఫీజుకన్నా అది తక్కువ. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ నుంచి తిరిగి వచ్చిన వేలాది వైద్య విద్యార్థుల చదువు మధ్యలో నిలిచింది. వారికోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం నిలవలేదు.

ఆ నెలలోనే జాతీయ వైద్య కమిషన్, ప్రైవేటు కళాశాలల్లో సగం సీట్లకు ఆయా రాష్ట్రాల ప్రభుత్వ కళాశాలల ఫీజే ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మిగతా సగం ఖర్చును ఎవరు మోయాలి అన్న 1993 నాటి ప్రశ్న మళ్లీ బల్లమీదికి వచ్చింది.