వినికిడి యంత్రమును దాని వెనుకనున్న ధర్మమును



మనుష్యుని నాడిలో యంత్రమును నిలుపుట శిల్పనైపుణ్యము మాత్రమే కాదు. అది జీవితాంతము మోయవలసిన పూచీ. ఈ సంగతిని చరిత్రయే మనకు బోధించుచున్నది.

ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా తన చెవులలో లోహపు కడ్డీల నుంచుకొని విద్యుత్తును ప్రసరింపజేయగా, ఏదో కుతకుత నుడుకుచున్నట్టి ధ్వని వినబడెనని 1800లో ప్రకటించెను. 1957లో పారిస్ నగరమున జూర్నో, ఎయిరియెస్ అను నిరువురు ఒక బధిరుని శ్రవణనాడి చెంత తీగెచుట్ట నమర్చిరి. అది కొలదికాలమునకే చెడిపోయెను. 1978లో ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్కు పెక్కు విద్యుత్ తంతువులు గల యంత్రము నమర్చి, మాటలను పోల్చుకొనుటకు దారి చూపెను. కాక్లియర్ ఇంప్లాంటనగా నిదియే. చెవి వెనుక ధరించు భాగము శబ్దమును గ్రహించి సంకేతముగా పంపును. లోపలి భాగము దానిని విద్యుత్తుగా నాడి కందించును.

1990లో అమెరికా ప్రభుత్వము రెండేండ్ల పసివారికిని దీని ననుమతించెను. అచ్చటి జాతీయ బధిరుల సంఘము మరుసటి యేడే దాని నాక్షేపించెను. సైగల భాషతో బ్రదుకువారిని రోగులుగా నెంచవచ్చునా? మాటలు రాని శిశువునకు బదులు సమ్మతించు నధికార మెవరిది? ఇట్టి ప్రశ్నలు బయలుదేరెను. 2000లో ఆ సంఘమే తన పట్టు సడలించి, అన్నియు తెలిసికొని నిర్ణయించు హక్కు తల్లిదండ్రులకు గలదని యంగీకరించెను.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలైన ఆరోగ్యశ్రీ పథకము లక్షల రూపాయల యీ చికిత్సను బీదల బిడ్డలకును దక్కించినది. హనుమాన్ జంక్షన్ మొదలు నూజివీడు దాక మామిడితోటలలో కూలికి బోవు తల్లికి ఇది వరమే. కాని శస్త్రచికిత్సతో పని ముగియదు. మాటలు నేర్పు శిక్షణ నెలల తరబడి సాగవలెను. బ్యాటరీలు, తీగెలు, మరమ్మతులు కావలెను. అంటు కట్టిన రైతునకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. అంటు అతికినంతనే కాయ రాదు. నీరు పోయవలెను, అంటు క్రింద పొడుచు చిగుళ్ల నెప్పటికప్పుడు త్రుంచవలెను.

ఇట్టి పోషణ కొరవడినచో నేమగునో కంటి యంత్రపు కథ తెలుపును. అమెరికాలోని సెకండ్ సైట్ అను కంపెనీ అంధుల కంటి లోపలి తెరపై నమర్చు ఆర్గస్ అను యంత్రమును చేసి, 2019లో దాని తయారీని విరమించెను. లోకమంతట దానిని ధరించినవారు 350 మందికి పైగా నుండిరి. యంత్రము కంటిలోనే నిలిచెను. చెడినచో బాగుచేయు దిక్కు లేకపోయెను.

కావున మీ యూరి తల్లిదండ్రులు సంతకము చేయుటకు ముందు మీ సలహా గోరినచో, ఈ ప్రశ్నల నడుగుమని చెప్పుడు: యంత్రము చెడినచో బాగుచేయు వారెవరు? ఎన్నేండ్ల వరకు? ఆ ఖర్చెవరిది? శిక్షణ యెంత దూరమున దొరకును? వీనికి జవాబు వ్రాతపూర్వకముగ నిచ్చుట యంత్రము చేసినవారి ధర్మము. అడిగి తీసికొనుట మన ధర్మము.